వాడే విధం రాసేదెవరు?

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇక దానికి మెరుగులు దిద్దేది లేదని అడోబీ సంస్థ 2004లోనే తేల్చేసి, ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. తెలుగునాట డీటీపీ సెంటర్లు మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా, పెళ్లి పత్రికో కరపత్రమో కంపోజ్ చేయించడానికి వెళ్తే ఏళ్ల తరబడి తెర మీద కనబడింది ఆ పాత పేజ్‌మేకర్, దానికి జతగా ‘అను’ అనే తెలుగు ఫాంట్లు. ఉత్సవాల పోస్టర్లు, ఎన్నికల పాంప్లెట్లు, స్కూలు ప్రశ్నపత్రాలు, శ్రద్ధాంజలి ప్రకటనలు... చిన్న ఊళ్ల అచ్చుపని చాలామటుకు ఆ జోడీ మీదే నడిచింది.

ఆ ఆపరేటర్ల బల్లల మీద పేజ్‌మేకర్ మాన్యువల్ వెతికితే దొరకదు. అవసరం పడలేదు. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో, ప్లేటు తీసే ముందు రంగులు ఎలా విడగొట్టాలో, ఒక సిస్టంలో కంపోజ్ చేసిన ఫైలు మరో సిస్టంలో తెరిస్తే తెలుగంతా ఇంగ్లిషు పిచ్చిరాతలా ఎందుకు మారుతుందో, అన్నీ సీనియర్ ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నవే. నోటిమాటగా సాగిన ఈ పాఠం చేతులు మారుతూ చెక్కుచెదరకుండా అందింది. అందులో నేర్పినవాళ్ల నేర్పు ఉంది, కాదనలేం. అసలు కారణం మాత్రం వేరు: ఆ సాఫ్ట్‌వేర్ మారలేదు. ఎదుగుదల ఆగిపోయినదాని పాఠం పాతబడదు. చిక్కంతా బతికున్న సాఫ్ట్‌వేర్‌తోనే.

ఓపెన్ సోర్స్ ప్రచురణ సాఫ్ట్‌వేర్లు బతికున్న రకం. పేజీలు పెట్టడానికి స్క్రైబస్, పుస్తకం టైపు చేసుకోవడానికి లిబ్రెఆఫీస్, లెక్కలూ సమీకరణాలూ నిండిన గ్రంథాలకు టెక్, పరిశోధన పత్రికలు నడపడానికి ఓపెన్ జర్నల్ సిస్టమ్స్, విజ్ఞాన సర్వస్వాలకు మీడియావికీ. వీటి మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా మార్చవచ్చు, మారుస్తూనే ఉంటారు. జర్మనీలో ఒకరు ఒక మెనూ పేరు మారుస్తారు, ఒమన్‌లో ఇంకొకరు అక్షరాలు కూర్చే పద్ధతి తిరగరాస్తారు. ఆ మార్పు జరిగిన మరుక్షణం, ఎక్కడో ఎవరో రాసిపెట్టిన సహాయ పేజీ ఒకటి తప్పుల తడక అవుతుంది. దాన్ని పసిగట్టి, ఎవరో ఒకరి చేత సరిచేయించే మనిషి కావాలి. ప్రాజెక్టుల్లో ఆ మనిషిని డాక్యుమెంటేషన్ సమన్వయకర్త అంటారు. చాలాచోట్ల జీతం ఉండదు, పేరు అసలే ఉండదు.

ఆ పని విలువ తెలియాలంటే ఒక పోలిక చూడాలి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన శనగ రకాల్లో ఎన్‌బీఈజీ-47 ఒకటి. ‘ధీర’ అని పేరు. మామూలు శనగలా గుబురుగా నేలకు అంటుకోకుండా నిటారుగా పెరుగుతుంది, కాయలు నేలకు కాస్త ఎత్తున కాస్తాయి. అందుకే దాన్ని యంత్రంతో కోయవచ్చు. ఈ ఒక్క సంగతి రైతుకు చేరకపోతే ఆయన యథాప్రకారం కూలీల చేతే కోయిస్తాడు. ఎన్నో ఏళ్లు ఎంపికలు చేసి రకం తయారుచేసిన శాస్త్రవేత్తల పని సగం మట్టిలో కలిసినట్టే. అందుకే విత్తనం వెంట సాగు పద్ధతులు కూడా చెబుతారు. సాఫ్ట్‌వేర్ వెంట వెళ్లాల్సిన సాగు పద్ధతులే డాక్యుమెంటేషన్. శనగకూ సాఫ్ట్‌వేర్‌కూ తేడా ఒక్కటే. ఒకసారి విడుదలైన ధీర మళ్లీ మరుసటి నెలలో తన పొడవు మార్చుకోదు.

స్క్రైబస్ కథ చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఫ్రాంజ్ ష్మిడ్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2001 ప్రాంతంలో, అంటే పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చిన రోజుల్లోనే, దీన్ని మొదలుపెట్టాడు. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే రంగులు, ప్రెస్సుకు పంపదగిన పీడీఎఫ్, మాస్టర్ పేజీలు, పేరా స్టైళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. పైసా ఖర్చు లేదు. 2009లో క్రిస్టోఫ్ షేఫర్, గ్రెగరీ పిట్‌మన్ కలిసి దీని అధికారిక మాన్యువల్ పుస్తకంగా వేశారు. ఓపెన్ సోర్స్ లోకంలో అంత పద్ధతిగా వచ్చిన పుస్తకాలు అప్పట్లో తక్కువ. అందులో వివరించింది 1.3.3 శ్రేణి వెర్షన్లను. తెలుగువాడికి ఆ పుస్తకం ఎంత చక్కగా అర్థమైనా లాభం లేకపోయింది, ఎందుకంటే ఆ స్క్రైబస్‌కు తెలుగు రాదు.

రాకపోవడమంటే ఏమిటో చెప్పుకోవాలి. యూనికోడ్‌లో ‘ఆళ్లగడ్డ’ అనే మాట ఎనిమిది సంకేతాల వరస: ఆ, ళ, పొల్లు, ల, గ, డ, పొల్లు, డ. కంప్యూటర్ దాచుకునేది ఇంతే. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చి ముందు అక్షరం కిందో పక్కనో తగిలించాలన్నది వేరే పని. ఆ పని చేసే భాగాన్ని అక్షరాల కూర్పు యంత్రం అనుకోవచ్చు. అది లేని సాఫ్ట్‌వేర్ ఒత్తులన్నీ విడగొట్టి, పొల్లులు పొల్లులుగా అచ్చువేసి ఊరి పేరుకే ఎసరు పెడుతుంది. తెలుగు డీటీపీ వాళ్లు అను ఫాంట్లను పట్టుకుని వేలాడటానికి కారణం మొండితనం కాదు. పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకుని, ఒత్తును ఆపరేటర్ వేలి కొసకు అప్పగించాయి. ఫైలు తెరిస్తే పిచ్చిరాతలు కనబడితే కనబడనీ, ప్లేటు మీద మాత్రం ఒత్తు సరైన చోట పడుతుంది.

స్క్రైబస్‌లో ఈ లోటు తీరింది 2017లో, 1.5.3 వెర్షన్‌తో. అది తెలుగువాళ్ల కోసం జరగలేదు. ఒమన్ దేశపు ప్రోగ్రామర్ల బృందం అరబ్బీ రాత కోసం పూనుకుని, హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ కూర్పు యంత్రాన్ని దానికి జోడించింది. హార్ఫ్‌బజ్‌కు భారతీయ లిపులూ తెలుసు కాబట్టి ఆ తలుపు గుండా తెలుగు, మలయాళం, కన్నడం కూడా లోపలికి వచ్చేశాయి. ఇక్కడే డాక్యుమెంటేషన్‌కు ఒక వింత చిక్కు పడింది. 1.5 శ్రేణి అభివృద్ధి దశలో ఉన్నది. అసలు పనులకు నమ్ముకోవద్దని దాన్ని తయారుచేసినవాళ్లే హెచ్చరించేవారు. నమ్ముకోదగిన వెర్షన్ 1.4 శ్రేణి, దానికి తెలుగు రాదు. నమ్మకమైన 1.6.0 బయటికి వచ్చింది 2024 జనవరిలో. మధ్యలో ఆరేడేళ్లు తెలుగులో స్క్రైబస్ మాన్యువల్ రాయదలచినవాళ్లు ఏ వెర్షన్ గురించి రాయాలి? వద్దన్నదాని గురించి రాస్తే పాఠకుడి ఫైలు చెడితే పాపం ఎవరిది? వాడమన్నదాని గురించి రాస్తే ఆళ్లగడ్డ అనే మాటే పడదు. సమన్వయకర్త అన్నవాడు రోజూ మేల్కొని ఆలోచించేది భాషా సౌందర్యం గురించి కాదు, ఇలాంటి వాటి గురించే.

ఈ బెడద అసలే లేకుండా చేసుకున్న మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్. 1977లో ప్రోగ్రామింగు మీద తను రాస్తున్న గ్రంథం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, కొత్త యంత్రాల అచ్చు అంత వికారంగా ఉండటం భరించలేక, అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ తనే రాసుకోవడానికి కూర్చున్నాడు. కొన్ని నెలల్లో ముగిద్దామనుకున్న పని ఏళ్లకు పాకింది. అలా పుట్టిన టెక్‌కు ఆయనే రాసిన మాన్యువల్ ‘ది టెక్‌బుక్’ 1984లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ రాసిందీ పుస్తకం రాసిందీ ఒక్కరే కనుక సమన్వయం మాటే లేదు. పుస్తకం అంచుల్లో ప్రమాదకరమైన మలుపును సూచించే రోడ్డు గుర్తు అక్కడక్కడా కనిపిస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు ఆ పేరాలు దాటేయవచ్చని దాని భావం. రెండు గుర్తులుంటే మరీ కష్టమైన మెలిక అన్నమాట. ఒకే పుస్తకంలో కొత్తవాడికీ పండితుడికీ వేర్వేరు దారులు వేయడానికి అంత తేలికైన ఉపాయం మళ్లీ ఎవరికీ తట్టలేదేమో.

తప్పు పట్టుకున్నవాళ్లకు నూత్ 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. 256 సెంట్లు, కంప్యూటర్ లెక్కలో గుండ్రటి సంఖ్య. చాలామంది ఆ చెక్కులు మార్చుకోకుండా ఫ్రేము కట్టించుకున్నారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, టెక్‌కు ఇక కొత్త సదుపాయాలు కలిపేది లేదని ఆయన ప్రకటించేశాడు. తప్పులు దిద్దినప్పుడల్లా వెర్షన్ సంఖ్య గణితంలోని పై (π) విలువకు ఒక అంకె దగ్గరవుతుంది. 2021లో అది 3.141592653కు చేరింది. సాఫ్ట్‌వేర్ నిలిచిపోయింది కనుక టెక్‌బుక్ ఇవాళ్టికీ చెల్లుతుంది. పేజ్‌మేకర్ పాఠం నంద్యాలలో చెల్లినట్టే, కాకపోతే ఇక్కడ ఆగడం ఒక నిర్ణయం, అక్కడ ఒక వదిలివేత. ఆ టెక్ మీద తెలుగు అచ్చువేసే ప్యాకేజీలు 1990ల మొదట్లోనే వచ్చాయి. రోమన్ అక్షరాల్లో కొట్టిన తెలుగును అవి తెలుగు లిపిలో పేర్చిపెట్టేవి. విదేశాల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న తెలుగువాళ్లకు ఆ రోజుల్లో అదొక అద్భుతం.

నూత్ దారి అందరికీ కుదరదు. లిబ్రెఆఫీస్ లాంటి దానికి రైటర్, కాల్క్, ఇంప్రెస్, డ్రా, బేస్, మ్యాథ్ అని ఎన్నో భాగాలు. ఒక్కోదానికి ఒక్కో గైడు. స్వచ్ఛందంగా రాసేవాళ్లు దేశదేశాల్లో ఉంటారు. ఒకరు ఒక అధ్యాయం తీసుకుంటారు, మరొకరు సరిచూస్తారు, ఇంకొకరు అన్నిటినీ కలిపి పుస్తకం కడతారు. గైడు పేరులోనే అది ఏ వెర్షన్‌దో ఉంటుంది. వాటిని లిబ్రెఆఫీస్ రైటర్‌లోనే కూర్చడం వాళ్ల ఆచారం. దీనివల్ల ఒక మేలుంది: వందల పేజీల పుస్తకాన్ని, బొమ్మలతో విషయసూచికతో సహా, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే కట్టేవాళ్లకు దాని లోపాలు ముందుగా కనిపిస్తాయి. మాన్యువల్ రాసేవాడు ఆ రకంగా మొదటి పరీక్షకుడు కూడా. ‘ఈ మెట్టు వివరించడానికి మూడు పేరాలు పడుతోంది’ అని రచయిత మొత్తుకుంటే చాలాసార్లు తప్పు వాక్యంలో ఉండదు, మెనూలో ఉంటుంది. మంచి సమన్వయకర్త ఆ మొర ప్రోగ్రామర్ల చెవిన వేస్తాడు. ఆ మాట విని ప్రోగ్రామర్ మెనూ సరిచేస్తే మూడు పేరాలు ఒక్క వాక్యమవుతాయి. డాక్యుమెంటేషన్ చేసే మేళ్లలో దీన్ని గుర్తించేవాళ్లు తక్కువ.

మరో దారి ఆడమ్ హైడ్‌ది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛా మాన్యువళ్లు ఉండాలని ఆయన ఫ్లాస్ మాన్యువల్స్ అనే సంస్థ పెట్టాడు. నెలల తరబడి ఒకరి కోసం ఒకరు ఎదురుచూసే బదులు, రాయగలిగినవాళ్లను ఒక చోట చేర్చి, నాలుగైదు రోజుల్లో పుస్తకం పూర్తిచేయించే ‘బుక్ స్ప్రింట్’ పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. అందరూ ఒకేసారి రాయడానికి వీలుగా వాళ్లు బుకీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నారు. 2012లో అదే బుక్‌టైప్ అనే పూర్తిస్థాయి ప్రచురణ సాఫ్ట్‌వేర్ అయింది. మాన్యువళ్లు రాయడానికి పుట్టిన పరికరానికి మళ్లీ మాన్యువల్ కావలసి వచ్చిందన్నమాట!

దగ్గరి ఉదాహరణ కేరళలో ఉంది. సీపీఐ మలయాళ దినపత్రిక జనయుగం 2019లో పత్రిక పనంతా ఓపెన్ సోర్స్‌కు మార్చేసింది. పేజీలకు స్క్రైబస్, ఫొటోలకు గింప్, బొమ్మలకు ఇంక్‌స్కేప్. అప్పటికి స్క్రైబస్ 1.6 ఇంకా రాలేదు. అభివృద్ధి దశలో ఉన్నదానితోనే రోజువారీ పత్రిక తీశారు. ఏళ్లుగా పేజ్‌మేకర్‌కు, పాత ఫాంట్లకు అలవాటుపడిన చేతులకు శిక్షణ ఇచ్చారు. మలయాళం ఫాంట్లు తయారుచేసేవాళ్లు, ప్రోగ్రామర్లు, పేజీలు పెట్టేవాళ్లు ఒకే గదిలో కూర్చుని చిక్కులు విప్పుకున్నారు. ఒకరోజు పత్రిక ఆగితే పరువు పోతుంది కాబట్టి ఆ తొందర అందరినీ కలిపింది. తెలుగు డీటీపీ రంగంలో అలాంటి నిప్పు ఎవరి కాలి కిందా లేదు. కార్డు ఇవాళ కాకపోతే రేపిస్తామంటే సరిపోతుంది.

తెలుగులో అలాంటి సామూహిక శ్రమ జరగనే లేదా అంటే, జరిగింది. అచ్చురంగంలో కాదు, వికీపీడియాలో.

వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అది నడిచే మీడియావికీ ఓపెన్ సోర్స్ ప్రచురణ సాఫ్ట్‌వేరే, అదీ చాలా చురుకైనది: వికీమీడియా సైట్లకు వారం వారం కొత్త వెర్షన్ ఎక్కుతుంది. వికీపీడియాల వంతు సాధారణంగా గురువారం. ఇంత వేగంగా మారేదానికి సహాయ పేజీలు రాసి తాజాగా ఉంచడమంటే మాటలు కాదు. తెలుగు టైపు చేయడానికి 2011 ప్రాంతంలో నారాయం అనే సదుపాయం వచ్చింది. 2013కల్లా దాని స్థానంలోకి ఇంకొకటి వచ్చింది. చదరపు బ్రాకెట్లతో లింకులివ్వడం నేర్పిన పేజీలు ఉండగానే 2013లో విజువల్ ఎడిటర్ దిగింది. అందులో బ్రాకెట్లే కనబడవు. ఎంతో శ్రద్ధగా రాసిన పాఠం, రాసినవాళ్ల తప్పేమీ లేకుండానే, కొత్తవాళ్లను తికమకపెట్టే పాఠమైపోతుంది.

మీడియావికీ వాళ్లు దీనికి కనిపెట్టిన విరుగుడు గమనించదగ్గది. ఫిన్లండ్‌కు చెందిన నిక్లాస్ లాక్స్‌ట్రోమ్ మొదలుపెట్టిన ట్రాన్స్‌లేట్‌వికీ అనువాద వేదిక, దానికి ఆధారమైన ట్రాన్స్‌లేట్ పొడిగింత ఒక సహాయ పేజీని పేరా పేరాగా ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక సంఖ్య ఇస్తాయి. అనువాదకులు ఆ ముక్కలను వేర్వేరుగా తెలుగు చేస్తారు. మూలంలో ఏడో ముక్క మారితే తెలుగు పేజీలో ఏడో ముక్క మీద మాత్రం లేత గులాబీ రంగు పడుతుంది: ఇది పాతబడింది, నమ్మేముందు చూసుకో అని పాఠకుడికి, దీన్ని సరిచేయి అని అనువాదకుడికి. మొత్తం పేజీ తిరగరాయనక్కర్లేదు, ఏది చెడిందో వెతుక్కోనక్కర్లేదు. సమన్వయకర్త కళ్లల్లో వత్తులేసుకుని చేయాల్సిన కాపలాలో సగం యంత్రం చేసిపెడుతుంది. మిగతా సగం, అంటే ఆ గులాబీ ముక్కలను దిద్దే మనుషులను పట్టుకురావడం, యంత్రం చేయలేదు.

నంద్యాలే ఈ సమస్యకు మంచి నమూనా అయిన సందర్భం ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉన్న నంద్యాల కొత్త జిల్లా కేంద్రమైంది, ఆళ్లగడ్డ అందులోకి చేరింది. విజ్ఞాన సర్వస్వంలో ఆ ఒక్క రోజు ఎంత పని పెట్టిందో ఊహించవచ్చు. ప్రతి ఊరి వ్యాసంలో మొదటి వాక్యం, సమాచారపెట్టెలో జిల్లా గడి, వ్యాసం అడుగున వర్గం, మండలాల పేర్లు వరసగా చూపే మూస, పటం, అన్నీ మారాలి. మూస ఎలా వాడాలో వివరించే పేజీ కూడా మారాలి. ‘కర్నూలు జిల్లా’ అన్నచోటల్లా ‘నంద్యాల జిల్లా’ అని ఒక్క దెబ్బకు మార్చేస్తే పోలేదా? పోదు. పి.వి.నరసింహారావు ప్రధానమంత్రి అయ్యాక 1991 ఉప ఎన్నికలో గెలిచింది నంద్యాల లోక్‌సభ స్థానం నుంచి. అప్పుడు నంద్యాల ఉన్నది కర్నూలు జిల్లాలోనే. ఆ వాక్యంలో జిల్లా మారిస్తే చరిత్ర తప్పవుతుంది. ఏది ఇప్పటి సంగతి, ఏది అప్పటి సంగతి అని వాక్యం వాక్యం చదివి తేల్చగలిగింది మనిషే.

వికీపీడియాకు తోడుగా నడిచే సమాచార నిధి వికీడేటా ఈ చిక్కును పద్ధతిగా విప్పింది. ఆళ్లగడ్డ ఏ పాలనా విభాగంలో ఉంది అనే గడిలో పాత జవాబు చెరిపేయకుండా, దానికి ముగింపు తేదీ వేసి, కొత్త జవాబుకు ప్రారంభ తేదీ వేసే వీలు అందులో ఉంది. రెండూ నిజాలే, తమ తమ కాలాల్లో. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ‘వెర్షన్ 1.4 వరకు ఇలా, 1.6 నుంచి ఇలా’ అని రాయడం ఇదే సూత్రం. రాయడం ఒక్క పంక్తి; రాయకపోతే పాఠకుడికి ఒక పూట దండగ.

ఆళ్లగడ్డ ఇంకో గొడవ కూడా తెచ్చిపెడుతుంది. కొందరు ళకు ల ఒత్తు ఇస్తారు, కొందరు ళకు ళ ఒత్తే ఇస్తారు. చదివేవాడికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేరు వేరు వరసలు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. వికీలో ఒక పేరును ఖాయం చేసి, రెండోదాని నుంచి దారిమార్పు పెడతారు. మాన్యువల్‌లోనూ అంతే. పదిమంది పది అధ్యాయాలు రాసేటప్పుడు ‘టెక్స్ట్ ఫ్రేమ్’ అని ఒకరు, ‘పాఠ్య చట్రం’ అని ఒకరు రాస్తే పాఠకుడు రెండు వేర్వేరు వస్తువులనుకుంటాడు. ఏది మంచి తెలుగు అన్న వాదనలోకి సమన్వయకర్త దిగితే ఆ పుస్తకం ఈ జన్మకు పూర్తికాదు. తెర మీద మెనూలో ఏ మాట కనబడుతోందో పుస్తకంలోనూ అదే మాట. మెనూ తెలుగులో లేకపోతే ఇంగ్లిషు మాటనే తెలుగు లిపిలో. తీర్పు చెప్పేసి ముందుకు పోవడమే.

అనుమతుల సంగతి చాలామంది ఆఖర్లో గుర్తుచేసుకుంటారు, అదొక పొరపాటు. 2000లో మాన్యువళ్ల కోసమే జీఎన్‌యూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు వచ్చింది. మార్చరాని భాగాలు పెట్టుకునే వెసులుబాటు అందులో ఉండటం వల్ల పేచీలు వచ్చాయి. అలాంటి భాగాలున్న మాన్యువళ్లు స్వేచ్ఛగా లేనట్టేనని 2006లో డెబియన్ ప్రాజెక్టు ఓటు వేసి మరీ తేల్చింది. వికీపీడియా కూడా 2009లో క్రియేటివ్ కామన్స్ వైపు మారింది. మీడియావికీ సైటులో సహాయ పేజీలను ఏ షరతూ లేకుండా లోకానికి వదిలేశారు. వికీ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా వాటిని ఎత్తుకుపోయి తమ సైటులో అతికించుకోవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. సహాయ పేజీకి అంతకు మించిన భాగ్యం లేదు.

ఇక అసలు ప్రశ్న. నంద్యాల డీటీపీ ఆపరేటర్‌కు పనికొచ్చే స్క్రైబస్ పుస్తకం తెలుగులో ఎలా ఉండాలి? మెనూల వరుసలో ప్రతి అంశాన్నీ వర్ణించే పుస్తకమైతే రెండో పేజీ తిప్పరు. పని ముందు పెట్టాలి. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి శిల్పశాలలకు విగ్రహాల ఫొటోలు, ఎత్తులు, ధరలతో క్యాటలాగు కావాలి. అదొక అధ్యాయం: మాస్టర్ పేజీ, ఫొటో ఫ్రేములు, ఒకే కొలతలో గడులు అన్నీ అందులోనే వస్తాయి. పెళ్లి పత్రిక ఇంకో అధ్యాయం. నాలుగు పేజీల రైతు కరపత్రం మూడోది. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఎలాగో ఒక అధ్యాయం తప్పనిసరి, ఎందుకంటే పదేళ్ల పాత పని పారేసి కొత్తదానికి రమ్మంటే ఎవరూ రారు. సిలికానాంధ్ర చొరవతో వెలువడ్డ రామభద్ర, మండలి, గిడుగు, శ్రీకృష్ణదేవరాయ వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పోస్టరు శీర్షికకు ఏది, చిన్న అక్షరాలకు ఏది అన్నది ప్రెస్సులో చేయి తిరిగినవాళ్లే చెప్పగలరు. పంక్తి చివర తెలుగు మాటను ఎక్కడ విరవవచ్చో చెప్పే నియమాల పట్టిక టెక్ కోసం సంతోష్ తొట్టింగల్ ఎప్పుడో తయారుచేసి పెట్టారు. ఆయన మలయాళీ. విరిచినచోట గీత పెట్టాలా వద్దా అన్నది మాత్రం తెలుగువాళ్లే తేల్చుకోవాలి.

గమనిస్తే, ఈ పుస్తకానికి కావలసిన జ్ఞానంలో పెద్ద భాగం ఇప్పటికే ఆ డీటీపీ సెంటర్లలో ఉంది. అక్కడివాళ్లకు స్క్రైబస్ తెలియదు. స్క్రైబస్ తెలిసిన ఇంజినీరింగు విద్యార్థికి బ్లీడ్ ఎంత వదలాలో, కట్టింగు మిషను దగ్గర ఏ అంచు పోతుందో తెలియదు. నంద్యాలలో ఇంజినీరింగు కాలేజీలున్నాయి, ప్రెస్సులూ ఉన్నాయి. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే మూడో మనిషే లేడు. ఆ మూడో మనిషికి గొప్ప తెలుగు రాకపోయినా ఫరవాలేదు, ప్రోగ్రామింగు రాకపోయినా ఫరవాలేదు. ఎవరు ఏది రాస్తామన్నారో గుర్తుపెట్టుకోవాలి, గడువు దాటితే ఫోన్ చేయడానికి మొహమాటపడకూడదు, రాసిన పాఠాన్ని దాని గురించి ఏమీ తెలియని ఒకరికిచ్చి వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో నోరెత్తకుండా చూడగలగాలి. ఈ మూడోది అన్నిటికన్నా కష్టం; పక్కన నిలబడి ‘అక్కడ కాదు, ఇక్కడ నొక్కు’ అనకుండా ఉండటం మనవాళ్లకు ప్రాణసంకటం.

చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే పెద్ద పుస్తకం జోలికి వెళ్లవద్దు. స్క్రైబస్ 1.6 ఉచితంగా దించుకుని, ఒక విజిటింగ్ కార్డు తెలుగులో తయారుచేసి, ఆ చేసిన వరుసను ఒక్క పేజీలో రాయండి. దాన్ని మీ ఊళ్లో ఉన్న డీటీపీ ఆపరేటర్ చేతికిచ్చి ఆయన ముందే కూర్చోండి. ఆయన తడబడిన ప్రతిచోటా వాక్యం మార్చండి. అందరూ కాపీ చేసుకోవచ్చని అడుగున ఒక ముక్క రాయండి. పైన మాత్రం వెర్షన్ సంఖ్య, తేదీ వేయడం మరవకండి.